హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్ ఎంచుకునే ముందు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుని నాలుగేళ్లు దాటింది. అప్పటినుంచి పెళ్లిళ్లలోనో ఆఫీసు క్యాంటీన్‌లోనో ఎవరో ఒకరు పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, అవే సందేహాలు అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒక్కచోట రాసిపెడదామని కూర్చున్నాను. నేను డాక్టర్ని కాను. హైదరాబాద్‌లో నా కోసం ఆరు క్లినిక్‌లు, తర్వాత మా బావమరిది కోసం మరో నాలుగు తిరిగాను. అక్కడ చూసింది, మంచి డాక్టర్లు ఓపిగ్గా చెప్పింది ఇక్కడ రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## క్లినిక్ గడప తొక్కకముందు

నాకు అసలు ఆపరేషన్ అవసరమా? మందులతో ఆగదా?

మగవాళ్లలో బట్టతల ఎక్కువగా వంశపారంపర్యంగా వచ్చేదే. డీహెచ్‌టీ అనే హార్మోన్ ప్రభావంతో నుదుటి పైన, నడినెత్తిన ఉన్న కుదుళ్లు ఏళ్ల తరబడి సన్నబడిపోతాయి. ట్రాన్స్‌ప్లాంట్ దాన్ని ఆపదు. ఊడిపోయిన చోట కొత్తగా నాటుతుంది, అంతవరకే. ఊడటాన్ని నెమ్మది చేసేవి మందులే. తలకి రాసుకునే మినాక్సిడిల్‌కి 1988లో, ఫినాస్టెరైడ్ 1 మి.గ్రా. మాత్రకి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇప్పటికీ డాక్టర్లు ముందు రాసేవి ఇవే. ఫినాస్టెరైడ్ వల్ల కొద్దిమందికి లైంగిక సమస్యలు, దిగులు వస్తాయి కాబట్టి స్నేహితుడు వాడుతున్నాడని మీరూ మొదలుపెట్టకండి. జుట్టు ఇప్పుడిప్పుడే పలచబడుతుంటే ఆరు నెలల నుంచి ఏడాది మందులు వాడి చూడటమే మంచిది. మందుల ఊసే ఎత్తకుండా ఆపరేషన్ తేదీ అడిగే చోట కూర్చోవద్దు.

నా వయసు 22. ఇప్పుడే చేయించుకుంటే జీవితాంతం నిశ్చింతే కదా?

కాదు. ఆ వయసులో బట్టతల ఎంతవరకు వెళ్తుందో ఎవరూ చెప్పలేరు. ముందు భాగంలో నాటిన జుట్టు అలాగే నిలబడుతుంది. దాని వెనక ఉన్న సొంత జుట్టు ముప్పై ఏళ్లకల్లా పోతే మధ్యలో ఖాళీ పడి, నాటిన వరస ఒక్కటే గట్టులా కనిపిస్తుంది. మీ నాన్నగారి తల, మేనమామల తలలు ఒకసారి గమనించండి. మందులతో కొన్నేళ్లు ఆగమని చెప్పే డాక్టర్ దొరికితే ఆయన్ని వదులుకోకండి. చేతికొచ్చిన లక్ష రూపాయల బేరాన్ని వద్దన్న మనిషి ఆయన.

వెనక తీసిన జుట్టు మళ్లీ వస్తుంది కదా?

రాదు. నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమందికి తెలియని విషయం ఇదే, క్లినిక్‌ల్లో చాలామంది చెప్పని విషయమూ ఇదే.

తల వెనక, చెవుల పక్కన ఉండే జుట్టు మీద డీహెచ్‌టీ పెద్దగా పనిచేయదు. ఆ కుదురుని తీసి బట్టతల మీద నాటినా దాని గుణం మారదని న్యూయార్క్ చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1950ల్లో చూపించారు. ఈ చికిత్స మొత్తం దాని మీదే నిలబడింది. వ్యవసాయం తెలిసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది: నారుమడిలోంచి నారు పీకి పొలంలో నాట్లు వేయడమే. కాకపోతే ఈ నారుమడిలో మళ్లీ విత్తనం చల్లలేం. తీసిన చోట ఖాళీయే మిగులుతుంది, చుట్టూ ఉన్న జుట్టు దాన్ని కప్పుతుంది.

అలా తీసి నాటే ఒక్కో కుదురుని గ్రాఫ్ట్ అంటారు. ఒక మనిషి జీవితకాలంలో అక్కడి నుంచి తీయగలిగింది మామూలుగా 4,000 నుంచి 6,000 గ్రాఫ్ట్‌లు. కొందరికి అంత కూడా ఉండదు. మొదటి ఆపరేషన్‌లోనే దాన్ని ఊడ్చేస్తే పదేళ్ల తర్వాత నడినెత్తి ఖాళీ అయినప్పుడు నాటడానికి ఏమీ ఉండదు. నా స్నేహితుడికి ఒకే రోజు లెక్కకు మించి తీశారు. ఎండాకాలంలో మంగలి షాపులో ఒకటో నంబర్ ట్రిమ్మర్ పెట్టించుకుంటే తల వెనకంతా చెదలు కొట్టిన కాగితంలా తెల్లటి చుక్కలు బయటపడ్డాయి. అద్దం పట్టుకుని చూసుకుని, వాడు చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. దాన్ని వెనక్కి తేవడం ఎవరివల్లా కాదు. కాబట్టి ముందు ఎంత ఒత్తుగా నాటుతారని అడిగేముందు, వెనక ఎంత మిగులుస్తారని అడగండి.

పేనుకొరుకుడుకి ట్రాన్స్‌ప్లాంట్ చేస్తారా?

నాణేలంత గుండ్రంగా జుట్టు ఊడే పేనుకొరుకుడు వేరే జబ్బు. మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. నాటిన కుదుళ్ల మీదా అదే దాడి జరగొచ్చు. చర్మవైద్యుడి దగ్గర మందులే దీనికి దారి.

ఆడవాళ్లు చేయించుకోవచ్చా?

కొందరికి పనికొస్తుంది. ముఖ్యంగా ఏళ్ల తరబడి జడ బిగించి వేయడం వల్ల కణతల దగ్గర ఊడినవాళ్లకి, కాలిన మచ్చలున్నవాళ్లకి. కానీ ఆడవాళ్లలో చాలాసార్లు తలంతా సమంగా పలచబడుతుంది, వెనక కూడా. అప్పుడు తీసి నాటడానికి గట్టి జుట్టు ఎక్కడిది? ముందు థైరాయిడ్, ఐరన్ నిల్వలు, పీసీఓడీ చూపించుకోండి. కాన్పు తర్వాత ఊడేది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

మూడు నెలల్లో పెళ్లి. ఈలోపు చేయించుకుంటే సరిపోతుందా?

అంతకంటే చెడ్డ సమయం లేదు. మొదటి పది రోజులు పొక్కులు, ఎరుపు. రెండో వారం నుంచి ఆరో వారం లోపు నాటిన వెంట్రుకలు రాలిపోతాయి. కొత్తవి మూడు, నాలుగు నెలలకి మొదలవుతాయి. అంటే సరిగ్గా పెళ్లిపీటల మీద కూర్చునే రోజుకి జుట్టు ఇప్పటికంటే పలచగా ఉంటుంది. పది నెలలైనా ముందు చేయించుకోవాలి, లేదా పెళ్లయ్యాక తీరిగ్గా చూసుకోవాలి. సంబంధం మాట్లాడేటప్పుడు తల గురించి ఉన్నదున్నట్టు చెప్పేస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

## క్లినిక్‌లు వెతికేటప్పుడు

ఎవరు చేయాలి? బోర్డు మీద డాక్టర్ అని ఉంటే చాలదా?

చాలదు. పేరు ముందు డాక్టర్ అని దంతవైద్యులు, హోమియో వైద్యులు, ఫిజియోథెరపిస్టులు కూడా పెట్టుకుంటారు. ట్రైకాలజిస్ట్, కాస్మెటాలజిస్ట్ అనేవి వినడానికి బాగుంటాయి కానీ అవి ఎంబీబీఎస్ తర్వాత చదివే స్పెషలిస్టు డిగ్రీలు కావు.

ఢిల్లీలో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఒకాయన చనిపోయిన కేసు హైకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత 2022 సెప్టెంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. శస్త్రచికిత్సలో పద్ధతి ప్రకారం శిక్షణ పొందిన డాక్టర్లే ఇది చేయాలనీ, వర్క్‌షాపులో కూర్చునో యూట్యూబ్‌లో చూసో నేర్చుకున్నది శిక్షణ కాదనీ అందులో స్పష్టంగా ఉంది. ఆచరణలో మీరు చూడాల్సింది ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ, లేకపోతే చర్మవ్యాధుల్లో ఎండీ లేదా డీఎన్‌బీ చేసి, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌లో విడిగా శిక్షణ పొందినవాళ్లని.

కాగితం మీద నియమం ఉన్నంత మాత్రాన ఆగిపోలేదు. 2025లో బయటపడిన కాన్పూర్ కేసులో ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజినీర్లు చనిపోయారు. చేసింది దంతవైద్యురాలన్న ఆరోపణ మీద పోలీసులు కేసు పెట్టారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే. అందుకే ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దంటాను.

డాక్టర్ రిజిస్ట్రేషన్ నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. ప్రిస్క్రిప్షన్ మీద ఎలాగూ ఉండాలి. దాన్ని తెలంగాణ మెడికల్ కౌన్సిల్ లేదా ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో, వేరే రాష్ట్రం డాక్టరైతే నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లో వెతకండి. ఐదు నిమిషాల పని. పేరు, తండ్రి పేరు, చదివిన డిగ్రీ సరిపోవాలి. ఎంబీబీఎస్ ఒక్కటే కనిపిస్తే, గోడ మీద ఉన్న స్పెషలిస్టు డిగ్రీ ఎక్కడిదో అడగండి. డాక్టర్‌కే కాదు, క్లినిక్‌కి కూడా జిల్లా వైద్యారోగ్య శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ రిసెప్షన్ దగ్గర అందరికీ కనపడేలా పెట్టి ఉంటుంది.

గూగుల్‌లో 4.9 రేటింగ్ ఉంది. నమ్మొచ్చా?

రివ్యూ ఎప్పుడు రాశారో చూడండి. ఆపరేషన్ రోజు సాయంత్రం రాసింది స్టాఫ్ మర్యాద గురించి, పెట్టిన భోజనం గురించి చెప్తుంది. జుట్టు సంగతి ఏడాదికి గానీ తెలియదు. ఏడాది తర్వాత మళ్లీ వచ్చి రాసినవి, రెండు మూడు స్టార్ల రివ్యూలు, వాటికి క్లినిక్ ఇచ్చిన జవాబులు చదవండి. నాలుగు మంచి మాటలు రాసినవాళ్ల కంటే, అక్కడ చేయించుకుని ఏడాది దాటిన ఒక మనిషితో ఫోన్లో మాట్లాడటం మేలు. మంచి క్లినిక్‌లు ఆ మనిషిని అడిగి, ఒప్పుకుంటే నంబర్ ఇస్తాయి.

ముందు, తర్వాత ఫోటోల్లో మోసం ఎలా పట్టుకోవాలి?

ముందు ఫోటో తడి జుట్టుతో, నెత్తిమీద లైటు పడేలా ఉంటుంది. తర్వాతది ఆరబెట్టి, దువ్వి, మసక వెలుతురులో. హెయిర్ ఫైబర్ పొడి చల్లినా తేడా తెలియదు. అందుకే వీడియో అడగండి: జుట్టుని వేళ్లతో వెనక్కి తీసి నుదుటి అంచు దగ్గరగా చూపించేది. ఇంకొకటి తల వెనక ఫోటో. అది చూపించడానికి తటపటాయించారంటే అనుమానించండి.

పెద్ద బ్రాండ్ మంచిదా, ఒక్క డాక్టర్ ఉండే చిన్న క్లినిక్ మంచిదా?

బోర్డు ఎంత పెద్దదన్నది కాదు, మీ తల మీద చెయ్యి వేసేది ఎవరన్నదే ముఖ్యం. పెద్ద చైన్‌లో డాక్టర్లు మారిపోతుంటారు, ఇవాళ మాట్లాడినాయన ఆపరేషన్ రోజుకి ఉండకపోవచ్చు. ఒక్క డాక్టర్ నడిపే చోట ఆ బాధ తక్కువ, కానీ అత్యవసర పరికరాలు తక్కువ ఉండొచ్చు. నా వరకు, రోజుకి ఒకరిద్దరికి మించి చేయని డాక్టర్ దగ్గరికే వెళ్లాను.

ఎఫ్‌యూఈ, ఎఫ్‌యూటీ, డీహెచ్ఐ, సఫైర్... ఏది మంచిది?

వెనక నుంచి తీసే పద్ధతులు నిజానికి రెండే. ఎఫ్‌యూటీలో సన్నటి చర్మపు పట్టీ కోసి కుట్లు వేస్తారు, గీతలా మచ్చ మిగులుతుంది. ఎఫ్‌యూఈలో మిల్లీమీటరు లోపు వెడల్పుండే పంచ్‌తో ఒక్కో కుదురూ తీస్తారు, మచ్చలు చుక్కల్లా ఉంటాయి. డీహెచ్ఐ అంటే పెన్ను లాంటి పరికరంతో నాటడం. సఫైర్ అంటే గాటు పెట్టే బ్లేడు రకం. మిగతా పేర్లు చాలావరకు మార్కెటింగ్. మామూలు బ్లేడుతో చేసే నేర్పరి చేతి ముందు, కొత్త చేతిలోని ఖరీదైన బ్లేడు నిలవదు.

## కన్సల్టేషన్ రోజు

కన్సల్టేషన్‌లో ఏం గమనించాలి?

నేను వెళ్లిన మొదటి చోట ఏసీ గదిలో చక్కగా తయారైన అమ్మాయి కూర్చోబెట్టి, పచ్చ మార్కర్‌తో నుదుటి మీద గీత గీసి, సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి "3,500 గ్రాఫ్ట్‌లు సార్" అంది. పది నిమిషాలు కూడా పట్టలేదు. వెనక జుట్టు చూడనేలేదు. డాక్టర్ గారేరని అడిగితే "ఆపరేషన్ రోజు వస్తారు సార్" అంది.

చివరికి నేను ఎంచుకున్న చోట డాక్టరే వచ్చి కూర్చున్నారు. భూతద్దంలాంటి చిన్న కెమెరా తల వెనక నాలుగు చోట్ల ఆనించి, చదరపు సెంటీమీటరులో ఎన్ని కుదుళ్లున్నాయో తెర మీద నాకే లెక్కపెట్టి చూపించారు. బీపీ, షుగర్, వాడే మందులు, సిగరెట్, ఇంట్లో ఎవరి తల ఎలా ఉందో అడిగారు. 2,200 చాలన్నారు, మిగతాది దాచుకోమన్నారు.

మీరు అడగాల్సింది: మత్తు ఇచ్చేది ఎవరు? కుదుళ్లు తీసేది ఎవరు? గాట్లు పెట్టేది ఎవరు? నాటడంలో టెక్నీషియన్లు సాయం చేయడం మామూలే. తీయడం, గాట్లు పెట్టడం మాత్రం డాక్టర్ చేతి మీదుగా జరగాలి. ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

ఒకరు 2,000 గ్రాఫ్ట్‌లు అంటారు, ఇంకొకరు 5,000 అంటారు. ఎవర్ని నమ్మాలి?

గ్రాఫ్ట్ వేరు, వెంట్రుక వేరు. ఒక గ్రాఫ్ట్‌లో ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలుంటాయి, సగటున రెండు. "4,000 హెయిర్స్" అన్న ప్రకటన నిజానికి 2,000 గ్రాఫ్ట్‌లే కావచ్చు.

లెక్క మీరే వేసుకోవచ్చు. ఖాళీ 50 చదరపు సెంటీమీటర్లుంటే, సెంటీమీటరుకి 40 చొప్పున 2,000 గ్రాఫ్ట్‌లు. పుట్టుకతో ఉండే ఒత్తుదనంలో అది సగమే అయినా చూసేవాళ్లకి నిండుగానే అనిపిస్తుంది. "విస్తీర్ణం ఎంత, ఎంత ఒత్తుగా?" అని అడిగితే, ఇన్ని సెంటీమీటర్లు, ఇన్ని గ్రాఫ్ట్‌లు అని చెప్పాలి. గ్రాఫ్ట్‌కి ఇంత అని వసూలు చేసేచోట సంఖ్య పెంచితే వాళ్లకి లాభం, మీ వెనక జుట్టుకి నష్టం.

నా పద్దెనిమిదేళ్లప్పటి హెయిర్‌లైన్ మళ్లీ కావాలి. తప్పా?

కోరిక తప్పు కాదు. కానీ కిందికి దించిన ప్రతి సెంటీమీటరూ వందల గ్రాఫ్ట్‌లు తింటుంది, యాభై ఏళ్ల ముఖానికి ఆ గీత అతకదు. కొద్దిగా పైకి, కొంచెం ఎగుడుదిగుడుగా, ముందు వరసలో ఒంటి వెంట్రుక గ్రాఫ్ట్‌లతో ఉంటేనే సహజంగా కనిపిస్తుంది. స్కేలు పెట్టి గీసినట్టున్న హెయిర్‌లైన్‌ని బస్సులో ఎదురు సీట్లోంచి కూడా గుర్తుపట్టేయొచ్చు.

ఈరోజే అడ్వాన్స్ కడితే 30 శాతం తగ్గింపు అంటున్నారు.

కట్టకండి. అదే తగ్గింపు వచ్చే నెలా ఉంటుంది. ఇంటికెళ్లి వారం ఆలోచించండి. ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టేముందు, ఆపరేషన్ వద్దనుకుంటే ఎంత వెనక్కిస్తారో రాతపూర్వకంగా అడగండి.

## డబ్బు సంగతి

మొత్తం ఎంతవుతుంది? ఇన్సూరెన్స్ వస్తుందా?

ధర ఊరిని బట్టీ డాక్టర్ని బట్టీ మారుతుంది. గ్రాఫ్ట్‌కి 40 రూపాయలనుకుంటే 2,500కి లక్ష. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో 18,000. వైద్యసేవలకి ఉన్న జీఎస్టీ మినహాయింపు అందం కోసం చేసే ట్రాన్స్‌ప్లాంట్‌కి లేదు. మామూలు హెల్త్ పాలసీ కూడా దీనికి డబ్బివ్వదు. రక్తపరీక్షలు, మందులు, పీఆర్‌పీ (మీ రక్తంలోంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి తలకి ఇచ్చే ఇంజెక్షన్లు) ప్యాకేజీలో ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి. బిల్లు లేకుండా జీఎస్టీ తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. రేపు గొడవైతే మీ చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లే.

లైఫ్‌టైమ్ గ్యారంటీ కార్డు ఇస్తున్నారు. మంచిదేగా?

ఏ డాక్టరూ శరీరానికి గ్యారంటీ ఇవ్వలేడు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో చూడండి: నాటినదానికే అనీ, వాళ్ల మందులే కొనాలనీ, ఆ బ్రాంచి ఉన్నంతవరకే అనీ ఉంటుంది. మళ్లీ చేసినా, పోయిన గ్రాఫ్ట్‌లకి బదులు మీ తల వెనక నుంచే తీయాలి కదా.

అమెరికాలో ఉంటాను. ఇస్తాంబుల్ వెళ్లనా, ఇండియా వచ్చినప్పుడు చేయించుకోనా?

ఇస్తాంబుల్‌లో మంచి సర్జన్లు ఉన్నారు. హోటల్, ట్యాక్సీతో కలిపి చౌకగా అమ్మే ప్యాకేజీల్లో మాత్రం చాలాచోట్ల పనంతా టెక్నీషియన్లదే. లైసెన్సు లేనివాళ్లు చేసే ఇలాంటి ఆపరేషన్ల మీద అంతర్జాతీయ హెయిర్ రిస్టోరేషన్ సర్జన్ల సంఘం చాలా ఏళ్లుగా ప్రచారం చేస్తోంది. ఇండియాకి మూడు వారాల సెలవు మీద వస్తుంటే ముందే వీడియోలో మాట్లాడండి. తుది లెక్క మాత్రం తల నేరుగా చూశాకే. దిగిన మొదటి వారంలో చేయించుకుంటే, పొక్కులు రాలాక ఒకసారి చూపించుకుని విమానం ఎక్కొచ్చు.

## ఆపరేషన్ రోజు

ప్రాణానికి ప్రమాదం ఉంటుందా?

సరైన చోట చాలా అరుదు. ప్రమాదం ఎక్కువగా వచ్చేది మత్తుమందు మోతాదు దాటినప్పుడు, అలర్జీ వచ్చినప్పుడు, ఇన్‌ఫెక్షన్‌ని నిర్లక్ష్యం చేసినప్పుడు. లోకల్ అనస్థీషియాకి వాడే లిగ్నోకెయిన్‌ని అడ్రినలిన్ కలిపి ఇస్తే కిలో బరువుకి 7 మి.గ్రా. దాటకూడదు. 70 కిలోల మనిషికి అది 490 మి.గ్రా. ఒకే సిట్టింగ్‌లో వేల గ్రాఫ్ట్‌లు, పన్నెండు గంటల పని పెట్టుకుంటే ఈ హద్దు దాటే ప్రమాదం పెరుగుతుంది. పెదాలు తిమ్మిరెక్కినా, నోట్లో ఇనుము రుచి తగిలినా, చెవుల్లో హోరు వినిపించినా వెంటనే చెప్పండి.

ఆక్సిజన్, పల్స్, బీపీ మానిటర్, గుండె ఆగితే వాడే పరికరాలు ఎక్కడున్నాయో ఒక రోజు ముందే చూపించమనండి. దగ్గర్లోని ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉందో అడగండి. గుండెజబ్బు, ఫిట్స్, రక్తం పలచబరిచే మాత్రలు, ఏదీ దాచొద్దు. ఆ మాత్రలు సొంతంగా మానేయొద్దు కూడా. ఇంటికెళ్లాక జ్వరం, ముఖమంతా వాపు, చీము కనిపిస్తే వాట్సాప్‌లో ఫోటో పంపి ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆ రోజు డాక్టర్ రాకపోతే?

మొదలుపెట్టనివ్వకండి. తల గొరిగేశాక, మత్తు ఇచ్చాక లేచి రావడం కష్టం. అందుకే డాక్టర్‌ని చూశాకే లోపలికి వెళ్తానని రిసెప్షన్‌లోనే చెప్పండి. ఇంట్లోవాళ్లకి చెప్పకుండా వెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు. అది మాత్రం వద్దు. ఒక మనిషిని వెంట తీసుకెళ్లి బయట కూర్చోబెట్టండి.

## తర్వాత

నెల రోజులకి నాటినదంతా ఊడిపోతోంది. మోసపోయానా?

లేదు. వెంట్రుక రాలుతుంది, కుదురు లోపలే ఉంటుంది. మూడు, నాలుగు నెలలకి సన్నగా మొలుస్తుంది, ఏడాదికి నిండుతుంది. నడినెత్తికి ఏడాదిన్నర కూడా పట్టొచ్చు. దిండు మీద రాలిన వెంట్రుకలు చూసి నేనూ రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఏడాదిన్నర దాటింది, సగం కూడా రాలేదు. క్లినిక్ ఫోన్ ఎత్తడం లేదు.

ముందు మీ రికార్డులన్నీ రాతపూర్వకంగా అడగండి: సమ్మతి పత్రం, గ్రాఫ్ట్‌ల లెక్క, వాడిన మందులు, ఫోటోలు. వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. సంబంధం లేని మరో స్పెషలిస్టుకి చూపించి అభిప్రాయం రాయించుకోండి. డాక్టర్ మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి, సేవాలోపం మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కమిషన్‌కి రెండేళ్లలోపు వెళ్లాలి. మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫిర్యాదుకి రుసుము లేదు. సరిచేయించుకోవాలన్న తొందరలో వెంటనే ఇంకో క్లినిక్‌లో పడుకోకండి. వెనక ఎంత మిగిలిందో ముందు కొలిపించండి.

తిరుమలలో మొక్కు ఉంది. గుండు చేయించుకుంటే నాటిన జుట్టు పోతుందా?

పోదు. కత్తి వెంట్రుకని తీస్తుంది, కుదురు చర్మం లోపల ఉంటుంది. స్థిరపడిన జుట్టు గుండు తర్వాత మామూలుగానే పెరుగుతుంది. అయితే ఏడాది నిండేదాకా ఆగి, డాక్టర్‌ని ఒకమాట అడిగి వెళ్లండి. ఎఫ్‌యూటీ అయితే వెనక గీత, ఎఫ్‌యూఈ అయితే చుక్కలు కొన్ని వారాలు కనిపిస్తాయి. నేను రెండో ఏడు వెళ్లి తలనీలాలు ఇచ్చాను. కల్యాణకట్టలో గుండు చేసినాయన వెనక చేత్తో తడిమి, "ఆపరేషనా బాబూ?" అని అడిగి, అక్కడ కాస్త మెల్లిగా కత్తి ఆడించాడు. మూడు నెలలకి ముందూ వెనకా జుట్టు సమంగా వచ్చేసింది.